సిరిసిల్లలో మూడు నెలల నిద్ర

ఉద్యోగానికి సెలవు పెట్టి, వేరే ఊళ్ళో గది కిరాయికి తీసుకుని, కొన్నాళ్ళు ఒక్కదాన్నే ఉండి వస్తానంటే మా కోరుట్లలో దానికి పేరు లేదు. దుబాయి నుంచి వచ్చే మగవాళ్ళ సెలవుకు పేరుంది, ఛుట్టీ అంటారు. దానికి తిరుగు టికెట్ ఉంటుంది, వచ్చేటప్పుడు తెచ్చే సబ్బులు, టార్చిలైట్లు ఉంటాయి, పోయేటప్పుడు కట్టిచ్చే సకినాలు ఉంటాయి. నా సెలవుకు ఇవేవీ లేవు. జీతం కూడా లేదు. అందుకని మా అత్తమ్మ తనకు తోచిన పేరు పెట్టి వాడకట్టంతా చెప్పుకుంది.

"మా కోడలు ఎములాడ రాజన్న తాన నిద్ర జేయవోయింది."

వేములవాడ గుడి దగ్గర ఒక రాత్రి నిద్ర చేసి రావడం మా వైపు మొక్కు. ఒక్క రాత్రి. మూడు నెలలు నిద్ర చేయబోయిందంటే నా సంగతి ఎంతదాకా వచ్చిందో వాడకట్టుకు ఇట్టే అర్థమైంది. ఒకామె ఫోన్ చేసి, "బిడ్డా, మనుషులను గుర్తువడుతున్నవా?" అని అడిగింది. ఎవరో తెలియక, ఎవరు మాట్లాడేది అన్నాను. పాపం, ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది.

సంగతి నిజంగా అంత దూరం పోలేదు. కొంత దూరం పోయింది.

నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెప్తాను. కోరుట్ల నుంచి రోజూ బస్సులో పోయి వస్తాను. మా ఆయన చనిపోయిన కొన్ని నెలలకు పదో తరగతిలో గుండె పాఠం వచ్చింది. బోర్డు మీద పటం మొదలుపెట్టాను. కుడి వైపు రెండు గదులూ గీసి, ఎడమ వైపుకు వచ్చి ఆగిపోయాను. గంట కొట్టేదాకా సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడ్డానట. మా పిల్లలు బుద్ధిమంతులు. ఒక్కరూ నోరు తెరవలేదు. బోర్డు మీద ఎంత ఉంటే అంత, సగం గుండెనే నోటుబుక్కుల్లో దించుకుని కింద పేర్లు రాసుకున్నారు.

ప్రిన్సిపాల్ నన్ను పిలిచి కుర్చీ వేయించాడు. ఆ బడిలో నాకు కుర్చీ వేయించడం అదే మొదలు. "మేడం, కొన్నాళ్ళు రెస్ట్ తీసుకోండి. ఎన్నాళ్ళైనా తీసుకోండి. జీతం సంగతి మీకు తెలుసు గదా" అన్నాడు. తెలుసు. పని చేసే నెలల్లోనే దాని కోసం ఎదురుచూసిన అనుభవం ఉంది.

కరీంనగర్‌లో మనసు డాక్టరు దగ్గరికి నేనే పోయాను. ఏం చేస్తే మీకు సంతోషంగా ఉంటుంది అని అడిగాడు. నవ్వించడం అన్నాను.

"ఎవరిని?" అన్నాడు.

మంచి డాక్టరే. ఫీజు వృథా పోలేదు. రోగం ఎక్కడుందో ఒక్క మాటలో పట్టుకున్నాడు. జవాబు రాకపోయేసరికి గోళీలు రాసిచ్చాడు.

ఎవరినంటే, మా ఆయన్నే. పెళ్ళైన మూడో నెల ఆయన దుబాయి పోయాడు. ఆ తర్వాత మా సంసారం ఏళ్ళ తరబడి ఫోన్లో జరిగింది. పిల్లలు లేరు. ఆయన అక్కడ, నేను ఇక్కడ ఉంటే ఎట్లా ఉంటారు అని అడిగినవాళ్ళు లేరు. ఎందుకు లేరని అడిగినవాళ్ళు మాత్రం ఉన్నారు. రోజూ బడి నుంచి వచ్చి, బోళ్ళు తోముకుని, మెట్ల మీద కూర్చుని ఆయనకు వాయిస్ మెసేజ్ పెట్టేదాన్ని. బాగున్నావా, బాగున్నాను అన్నవి ఎంత సేపు? అందుకని ఆ రోజు కోరుట్లలో జరిగిన ముచ్చట చెప్పేదాన్ని. ఎవరి పెళ్ళిలో మటన్ అందక ఎవరు అలిగారు, బస్సులో కండక్టరుకు, కోడిపుంజుకు టికెట్ దగ్గర తగాదా ఎట్లా వచ్చింది, మా అత్తమ్మ ఆ పొద్దు ఎవరి మీద గెలిచింది. గొంతులు మార్చి చెప్పేదాన్ని. రాను రాను అది నాకు ఉద్యోగం కంటే ముఖ్యమైన పనైంది. పొద్దున బస్సు ఎక్కినప్పటి నుంచి, ఇవ్వాళ ఆయనకు ఏం చెప్పాలి అని వెతుక్కుంటూ ఉండేదాన్ని.

ఆయన నుంచి జవాబు వచ్చేది. "ఊ. మంచిగున్నది. తిన్నవా?"

ఎప్పుడూ అదే. నవ్వాడో లేదో నాకు తెలియదు. నవ్వు వినిపించే జవాబు ఒక్కటీ రాలేదు.

చివరికి అక్కడి పని వదిలేసి ఇంటికే వచ్చేశాడు. అప్పుడు ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. చెప్పడానికి ఏమీ లేకపోయింది. పొద్దంతా పక్కనే ఉన్న మనిషికి ఏం ముచ్చట చెప్తాం? అంతా ఆయన కళ్ళ ముందరే జరుగుతోంది. సరే, అలవాటు కావాలి, నిదానంగా మాటలు వస్తాయి అనుకున్నాను. ఏడాది తిరక్కుండానే ఒక సాయంత్రం బస్టాండు దగ్గర అరటిపండ్లు బేరం చేస్తూ కుప్పకూలిపోయాడు. ఎడారి ఎండలో అన్నేళ్ళు ఏమీ కాని మనిషి. బేరం కూడా తెగలేదు.

పాత మెసేజులు ఏవీ మిగల్లేదు. మధ్యలో ఫోన్లు మారాయి, పాడయ్యాయి, పోయాయి. అందుకే ఆ ముచ్చట్లన్నీ కూర్చుని రాయాలనుకున్నాను. పుస్తకం కావాలన్న ఆశ లేదని అనను, ఉంది. కానీ అసలు తేల్చుకోవలసింది వేరే. వినే మనిషి లేకుండా నేను చెప్పగలనా? చెప్పగలిగితే నాలో ఏదో మిగిలినట్టు. లేకపోతే ఇక మీదట సగం పటం గీసి ఆగిపోయే టీచరును మాత్రమే.

అత్తమ్మ ఆలోచన వేరుగా ఉండింది. "కొండగట్టుకు పోదామే. మండలం రోజులు అంజన్న తాన ఉంటే ఎసొంటోళ్ళకైనా మంచిగైతది. నేనొస్త నీ ఎంబడి" అంది. మా దగ్గర మనసు చెదిరినవాళ్ళకు కొండగట్టే పెద్దాసుపత్రి. నేను రాసుకోవడానికి పోతాను, ఒక్కదాన్నే పోతాను అన్నాను.

"రాసుడేంది? నీ సదువు ఇంకా ఒడ్వలేదా?"

"ఒడిసింది అత్తమ్మా. ఇది ఉత్తగ రాసుడు."

"పైసలిస్తరా?"

"ఇయ్యరు."

అత్తమ్మ నా ముఖం వైపు చాలాసేపు చూసింది. కొండగట్టే నయమని ఆమె కళ్ళలో కనిపించింది. అయినా మర్నాడు బస్సు దగ్గరికి బియ్యం మూట, మామిడితొక్కు సీసా ఆమే మోసుకొచ్చింది. "రాజన్నకు నా పేరు మీద ఓ కొబ్బరికాయ కొట్టు" అని చెప్పి, కండక్టరుతో, "జర పైలంగ దించు, దాని పానం మంచిగ లేదు" అంది. కండక్టరు దారి పొడుగునా నన్ను ఇంకో సీట్లోకి మారనివ్వలేదు.

వేములవాడ పక్కనున్న సిరిసిల్లే ఎందుకంటే అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు, కిరాయి తక్కువ. ఎందుకు తక్కువో మొదటి పొద్దునే తెలిసింది. నా గది గోడకు అవతల సాంచెలు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. అవి నడుస్తుంటే మంచం మీద గ్లాసు కదిలేది. కరెంటు పోయినప్పుడు మాత్రమే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి వాడంతా ఉలిక్కిపడి బయటికి వచ్చేది. నాకు ఆ చప్పుడు మంచిదే అయింది. నా లోపల నడిచే ఆలోచనల కంటే అది గట్టిగా ఉండేది.

డబ్బు సంగతి చెప్పాలి. బళ్ళో టీచర్లమంతా కలిసి వేసుకున్న చిట్టీని నష్టానికి పాడి, ముందే ఎత్తుకున్నాను. ఏదైనా శుభకార్యమా అని అడిగితే కాదన్నాను. ఆస్పత్రా అని అడిగితే కొంచెం అన్నాను. ఆ డబ్బులోంచి కిరాయి, గోళీలు, నెలకోసారి కరీంనగర్ డాక్టరు, పాలు, కూరగాయలు నడవాలి. రాయడానికి ఏం ఖర్చు, ఒక కలం, ఒక పుస్తకం అంటారు. నిజమే. రాయకుండా కూర్చోవడానికే ఖర్చంతా. పొద్దున లేచి కాగితం ముందు కూర్చుంటే, ఈ రోజు కిరాయి ఇంత, రాసిన వాక్యాలు సున్నా అని లెక్క మొదలయ్యేది. ఆ లెక్కకు దడ పుట్టేది. దడకు గోళీ వేసుకుంటే నిద్ర వచ్చేది. అత్తమ్మ వాడకట్టుకు చెప్పింది అబద్ధం కాకుండా పోయింది.

దడ ఒక్కటే అడ్డమైతే ఎట్లాగో దాటేదాన్ని. అసలు అడ్డం మా అత్తమ్మ. నా ముచ్చట్లన్నిటిలో హీరోయిన్ ఆమె. అన్నిటిలోకీ మంచిది కెమెరా ముచ్చట. అది చెప్తే గానీ నా గొడవ అర్థం కాదు.

ఒకసారి ఛుట్టీకి వచ్చినప్పుడు మా ఆయన ఇంటి ముందర కెమెరా పెట్టించాడు. దుబాయిలో ఉండి ఫోన్లో ఇల్లు చూసుకోవచ్చని. అత్తమ్మకు అర్థమయ్యేట్టు, "అమ్మా, నేను అండ్లకెల్లి నిన్ను సూస్తుంట" అని చెప్పాడు. ఆమె ఆ మాటను పూర్తిగా నమ్మింది. ఆయన విమానం ఎక్కిన మర్నాటి నుంచి పొద్దున్నే తల దువ్వుకుని, కెమెరా కింద పీట వేసుకుని కూర్చునేది. చాయ్ తాగే ముందు గ్లాసు పైకెత్తి చూపించేది. అంగడి నుంచి తెచ్చిన వంకాయలు ఒక్కొక్కటి తిప్పి చూపించేది. నేను అక్కడే ఊడుస్తుంటే, "సూడు కొడుకా, మూలలకు చీపురు పోదు నీ పెండ్లానికి" అని నా గురించి చెప్పేది. నల్లా నీళ్ళ దగ్గర పక్కింటామెతో కొట్లాట వస్తే, ఆమె చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చి, "నువ్వే సూసి నాయం జెప్పు కొడుకా" అనేది. పక్కింటామె కూడా కొంగు సర్దుకుని, కెమెరా వైపు తిరిగి, "అయ్యా, ముందుగాల తిట్టింది మీ అవ్వనే" అని తన వాదన వినిపించుకునేది. కొన్నాళ్ళకు వాడకట్టులో ఎవరికి తగాదా వచ్చినా మా వాకిట్లోకే వచ్చేవాళ్ళు. మా ఇల్లు కోర్టయింది.

నవ్వు ఎక్కడుందంటే, ఆ కెమెరాకు నెట్ లేదు. మొదటి నెల అయ్యాక రీచార్జి చేయలేదు. చేయించనా అని నేను అడిగితే ఆయన, "ఉండనియ్యి" అన్నాడు. ఎర్ర లైటు మాత్రం వెలిగేది. ఆ ఎర్ర లైటుకు మా అత్తమ్మ ఏళ్ళ తరబడి చాయ్ చూపించింది, తీర్పులు అడిగింది. ఆ సంగతి నాకు, ఆయనకు తప్ప ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

ఆయన ఇంటికి వచ్చేశాక పీట లోపలికి పోయింది. కొడుకే ఎదురుగా ఉన్నాడు కదా. ఆయన పోయాక, పదకొండో రోజు చుట్టాలంతా వెళ్ళిపోయాక, ఒక పొద్దున నేను బడికి తయారవుతూ బయటికి చూశాను. అత్తమ్మ పీట తెచ్చుకుని కెమెరా కింద కూర్చుంది. తల దువ్వుకుని ఉంది. ఏమీ మాట్లాడలేదు. చాయ్ గ్లాసు కొంచెం పైకెత్తి, దించి, తాగింది.

సిరిసిల్ల గదిలో ఆ ముచ్చట రాయబోయిన ప్రతిసారీ నాకు ఈ గ్లాసే కనిపించేది. కలం ఆగిపోయేది. మిగతా ముచ్చట్లు కూడా దాని వెనకే ఆగిపోయాయి.

ఇట్లా ఉండగా చిట్టీ డబ్బు తగ్గడం నేను రాయడం కంటే వేగంగా జరిగింది. మా సందు మొదట్లో ఒక ఫ్లెక్సీల దుకాణం ఉంది. పుట్టినరోజులకు, చావులకు, ఎలక్షన్లకు బ్యానర్లు కొట్టే దుకాణం. దాని యజమాని యాభై దాటిన మనిషి. ఒకరోజు పాల పాకెట్టు కోసం పోతూ అక్కడ ఆరబెట్టిన సంతాపం ఫ్లెక్సీ చూసి, చనిపోయినాయనకు జన్మదిన శుభాకాంక్షలు చెప్తున్నారేమిటని అడిగాను. పాత బ్యానరు మీద ఫొటో మార్చారు గానీ కింది లైను మార్చలేదు. ఆయన నాలుక కరుచుకుని, "అక్కా, నువ్వు సదువుకున్నట్టున్నవ్. జర పొద్దుమీకి వచ్చి మాటలు రాసిపెట్టరాదు, ఎంతో కొంత ఇస్త" అన్నాడు. ఎంతో కొంత కూడా నాకు అవసరమే.

అట్లా నేను సగం సాయంత్రం శుభాకాంక్షలు, సగం సాయంత్రం కన్నీటి నివాళులు రాసే పనిలో చేరాను. ఆ దుకాణం కంప్యూటర్లో కొన్ని కోట్లు ఉండేవి, వేసుకునే కోట్లు. చనిపోయిన మనిషి ఫొటో ఏ అంగీతో ఉన్నా, తల మాత్రం కత్తిరించి ఏదో ఒక కోటు మీద అతికించేవాడు. గంభీరావుపేటలో జీవితమంతా దున్నిన రైతు చనిపోయాక నీలం కోటు తొడుక్కుని, ఎర్ర టై కట్టుకుని, మబ్బుల్లో నిలబడి ఉండేవాడు. మా ఆయన ఫ్లెక్సీలో కూడా కోటే. కోరుట్ల చౌరస్తాలో అది చూసి, ఈ కోటుకు గుండీ పెడితే ఊపిరాడదు ఈయనకు, అని నాలో నేను అనుకుని, అది చెప్పడానికి పక్కకు తిరిగి, ఎవరికి చెప్పబోతున్నానో గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఫ్లెక్సీల పని నాకు పనికొచ్చింది. పాలకు, కూరగాయలకు వెళ్ళింది, డాక్టరు దగ్గరికి పోయే బస్సు చార్జీకి వచ్చింది. పోయినవాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి కూర్చుని, ఏం రాయాలో తెలియక, ఆ మనిషి గురించి ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. వినేదాన్ని. దడ కొంచెం తగ్గింది. నా పుస్తకం మాత్రం అట్లాగే ఖాళీగా ఉంది. సెలవు ఇంకో నెలే మిగిలింది.

ఒక సాయంత్రం బోయినపల్లి నుంచి ఒకాయన వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. ఆయన బిడ్డకు మొదటి పుట్టినరోజు. దుబాయి నుంచి వచ్చి వారమైందట, బిడ్డను చూడటం ఇదే మొదలట. గోడకు తగిలించిన బ్యానర్లు చూస్తూ నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. దుకాణం ఆయన తొందరలో ఏదో నాయకుడి పుట్టినరోజు బ్యానరే తెరిచి పాప ఫొటో పెట్టేశాడు.

"ఏందన్నా గిది" అన్నాను. "ఏడాది పొల్లను పట్టుకొని ప్రజల గుండెచప్పుడు అని రాసినవ్? ఎలక్షన్ల నిలవెడుతున్నరా? ఇంకా నడకనే రాలేదు, అప్పుడే పాదయాత్రనా?"

బోయినపల్లి ఆయన గిర్రున తిరిగాడు. నన్ను చూడకుండా ముందు నా నోటి వైపు చూశాడు.

"నువ్వు కోరుట్ల వదినెవు గాదు?"

నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు. అదే చెప్పాను.

"నేను గూడ నిన్ను సూడలే వదినె. గొంతు ఎరుకే. దుబాయిల అన్నది, నాది ఒకటే రూమ్." తర్వాత గొంతు తగ్గించి, "అన్న పోయిండని తెల్వంగనే రూంల ఫొటో పెట్టి దీపం ముట్టిచ్చినం. రాలేకపోయినం. ఎవ్వలకు ఛుట్టీ దొరకలే" అన్నాడు.

దుకాణం ఆయన స్టూల్ వేశాడు. కూర్చున్నాను. బోయినపల్లి ఆయన, "అత్తమ్మ మంచిగున్నదా? కోర్టు నడుస్తున్నదా ఇంకా?" అన్నాడు.

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. "కోర్టు సంగతి నీకెట్ల ఎరుక?"

"అయ్యో, రూమ్ మొత్తానికి ఎరుకే. పొద్దుగూకి అన్నం తినేటప్పుడు అన్న ఫోన్ నడుమల పెట్టేది. అందరం ఇంటుంటిమి. మెట్‌పల్లోళ్ళు, ఆర్మూరోళ్ళు, ఓ బీహారాయన. ఆయనకు తెలుగు రాదు, అయినా మాతోని సమానంగ నవ్వేది. ఓనాడు నీ మెసేజ్ రాకుంటే, వదినెకు పానం బాగలేదా ఏంది అని అందరం అడుగుతుంటిమి."

నా చెవులు వేడెక్కాయి. ఒక్క మనిషి చెవిలో చెప్పుకున్నాననుకున్న మాటలు మంచాల మీద మంచాలున్న గదిలో అన్నంతో పాటు వడ్డించారన్నమాట. ముచ్చట అయిపోయాక చివర్న రెండు మాటలు మా ఆయనకు మాత్రమే చెప్పేదాన్ని. అవి కూడానా? ఎట్లా అడగాలో తెలియలేదు. బోయినపల్లి ఆయనకే తట్టినట్టుంది.

"ముచ్చట ఒడ్వంగనే అన్న ఫోన్ తీసుకొని బయటికి పోయేది వదినె. ఆఖర్ల ఏమున్నదో మాకు తెల్వది."

కొంచెం ఊపిరి వచ్చింది. అడగాలనుకున్నది అడిగాను. "ఆయన నవ్వేదా?"

ఆ మనిషి వెంటనే అవునని ఉంటే నేను నమ్మేదాన్ని కాదేమో. ఆలోచించాడు. "అన్ననా... నవ్వకపోయేది. మేం నవ్వుతుంటే మా మొకాలు సూసుకుంట కూసుండేది. గమ్మతి మనిషి."

"మరి కెమెరాకు నెట్ ఎందుకు వద్దన్నడు?"

"గా ముచ్చటా? మొదటి నెల సూసిండు. ఓ పొద్దున డ్యూటీ మీద ఫోన్ తెరిస్తే, అమ్మ చాయ్ సూపెడుతున్నదట. గక్కడనే కూలవడి ఏడ్సిండు. సూపర్వైజర్ మస్తు తిట్టిండు. గప్పటిసంది తెరవలే. వదినె చెప్పంగ ఇంటే జర ఓర్సుకోవచ్చని అంటుండె."

నాకు చెప్పలేదు. అన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. "తిన్నవా" అని మాత్రం అడిగాడు.

దుకాణం ఆయనకు మా మాటల్లో ఏదీ అర్థం కాలేదు. ఏం కోర్టు, ఏం కెమెరా అని అడిగాడు. బోయినపల్లి ఆయన ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాడు. ముచ్చట సగానికి రాకముందే ఆయన చెప్పేదాంట్లో పక్కింటామె కెమెరా మీదికి చెప్పు విసిరింది.

"చెప్పు ఇసరలే" అన్నాను.

"ఇసిరింది వదినె, నువ్వే జెప్పినవ్."

"నేను ఎన్నడు జెప్పిన? చెప్పు ఇసిరితే ఆమె కేసు అండ్లనే వోతది. గా మాత్రం తెలివి లేదా ఆమెకు? చెప్పులు బయట ఇడిసి వచ్చింది, జడ్జి ముందుకు వచ్చినట్టు. కొంగు గిట్ల భుజం మీదికెల్లి తీసుకొని..."

లేచి నిలబడ్డాను. కొంగు సర్దుకుని చూపించాను. పక్కింటామె గొంతు వచ్చింది. వెనకాలే అత్తమ్మ గొంతు వచ్చింది. దుకాణం ఆయన మౌస్ వదిలేశాడు. ప్రింటయ్యే మిషన్ తన మానాన ఏదో నాయకుణ్ణి మీటర్ల కొద్దీ బయటికి తోస్తోంది, ఎవరూ పట్టించుకోలేదు. బోయినపల్లి ఆయన గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నెట్ లేదన్న దగ్గరికి వచ్చేసరికి దుకాణం ఆయన, "అయ్యో, ముసలవ్వ" అంటూనే నవ్వు ఆపుకోలేకపోయాడు. ముచ్చట అయిపోయింది. నేను కూర్చున్నాను. కొంగు మళ్ళీ మామూలుగా సర్దుకున్నాను.

డాక్టరు అడిగిన ప్రశ్నకు జవాబు అదేనా అంటే చెప్పలేను. ఆయన కోసం చెప్పాననుకున్నవి ఆయన మిగతావాళ్ళకు పంచాడు. పంచి, వాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చున్నాడు. అది నాకు సంతోషమో కాదో ఇప్పటికీ తేలలేదు. కానీ మర్నాడు పొద్దున రాయడం మొదలుపెట్టాను, మిగిలిన రోజులన్నీ రాశాను. సాయంత్రం ఫ్లెక్సీలు, పొద్దంతా పుస్తకం. కొన్ని రాసి ఏడ్చాను, కొన్ని ఏడుస్తూనే రాశాను. బౌండు పుస్తకం ఒకటి నిండింది. దాదాపు అదే రోజుల్లో చిట్టీ డబ్బు అయిపోయింది. కెమెరా ముచ్చట చివర్న రాశాను. దానంత బాగా ఏదీ కుదరలేదు. అది నాకు తెలుసు.

సంవత్సరీకానికి కోరుట్ల వచ్చాను. అత్తమ్మ గడప దగ్గరే నా గదవ కింద చెయ్యి పెట్టి, ముఖం వెలుతురులోకి తిప్పి చూసింది.

"నిద్ర మంచిగ వట్టిందా?"

"పట్టింది అత్తమ్మా."

"రాజన్న దయ" అంది. ఒక ఆదివారం పోయి ఆమె పేరు మీద కొబ్బరికాయ కొట్టాను కాబట్టి అవునన్నాను.

పిట్టకు పిండం పెట్టాం. వచ్చినవాళ్ళు తిన్నారు, పోయారు. మధ్యాహ్నం ఇల్లు ఖాళీ అయ్యాక వాకిట్లో విస్తరాకులు తీసి, నీళ్ళు చల్లి, ఇద్దరం గోడ నీడలో కూర్చున్నాం. అత్తమ్మ తన పీట మీద ఉంది. పైన ఎర్ర లైటు వెలుగుతోంది.

"ఏం రాసినవే గన్ని దినాలు?"

"మన ముచ్చట్లే. నీయి, నాయి."

"నాయా? నా ముచ్చట్లు ఎవలకు గావాలె?"

బోయినపల్లి ఆయన సంగతి చెప్పాను. దుబాయి గదిలో అందరికీ ఆమె తెలుసని, వాళ్ళు ఆమె కోసం ఎదురుచూసేవాళ్ళని చెప్పాను. అత్తమ్మ ముఖం ఆ ఏడాదిలో మొదటిసారి కొంచెం విప్పారింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"నా మీద ఏం జెప్పినవే దొంగముండ? జెప్పు. నేను గూడ ఇంట."

తప్పించుకోవడానికి కుదరలేదు. కెమెరా ముచ్చటే అడిగింది. వాళ్ళు వాకిట్లో కోర్టు గురించి అడిగారని నేను నోరు జారినందుకు, అదే వినాలంది. మొదలుపెట్టాను. పీట చెప్పాను, చాయ్ చెప్పాను, వంకాయలు చెప్పాను. నా చీపురు గురించి చెప్పినప్పుడు, "అబద్ధమా మరి?" అంది. పక్కింటామెను లాక్కొచ్చింది చెప్పాను, ఇద్దరి గొంతులూ పెట్టాను. బాగానే చెప్పాను. చివరిదాకా వచ్చాను. ఇక ఒక్క ముక్క ఉంది. అత్తమ్మ నా వైపే చూస్తోంది. ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి పీట అంచు మీద.

"గంతే" అన్నాను.

"గంతేనా?"

"గంతే. నువ్వు సూపెట్టుడు, ఆయన సూసుడు."

అత్తమ్మ కాసేపు ఆలోచించింది. "మరి అండ్ల నవ్వుటందుకు ఏమున్నదే?" అంది.

నిజమే. ఒక తల్లి కొడుక్కు రోజూ చాయ్ చూపించింది, కొడుకు చూశాడు. అందులో నవ్వడానికి ఏముంది?

"ఏం లేదత్తమ్మా" అన్నాను. "గాళ్ళు ఊకెనే నవ్విన్రు."

"పాపం, పరాయి దేశంల ఏం తోస్తది" అంది ఆమె. లేచి లోపలికి పోయి చాయ్ పెట్టింది.

సోమవారం మళ్ళీ బడికి పోయాను. ప్రిన్సిపాల్ ఈసారి కుర్చీ వేయించలేదు. ఆరోగ్యం కుదుటపడిందని ఆయన నమ్మినట్టు దాన్నిబట్టి తెలిసింది. తర్వాతి ఏడాది నా ముచ్చట్లు చిన్న పుస్తకంగా వచ్చాయి. అందులో కెమెరా ముచ్చట లేదు. చదివినవాళ్ళు కొందరు బాగుందన్నారు, ఇంకా ఏదో తక్కువైందన్నారు. ఏది తక్కువైందో నాకు తెలుసు కాబట్టి వాళ్ళతో వాదించలేదు.

పోయిన చలికాలం అత్తమ్మ కూడా పోయింది. ఎక్కువ బాధపడకుండానే పోయింది. చౌరస్తాలో ఫ్లెక్సీ పెట్టారు. మాటలు నేనే రాశాను, రెండే లైన్లు. ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఆ కెమెరాకు నెట్ లేదన్న సంగతి దుబాయిలో ఒక గదికి తెలుసు, బోయినపల్లికి తెలుసు, సిరిసిల్లలో ఒక దుకాణానికి తెలుసు. కోరుట్లకు మాత్రం ఇప్పుడే తెలుస్తోంది.